డెబ్బై మూడో కాలమ్‌లో చుక్క

మొన్న శనివారం సాయంత్రం మా అక్క కొడుకు రుషికొండ నుంచి కూర్మన్నపాలెం వచ్చాడు. ఊరికి ఆ చివర వాడి ఆఫీసు, ఈ చివర స్టీల్‌ప్లాంట్ పక్కన మా ఇల్లు. రెండు బస్సులు మారి వచ్చినవాడు కాళ్లు కడుక్కోకుండానే లాప్‌టాప్ తెరిచాడు. సంగతి చిన్నది కాదని అప్పుడే అర్థమైంది. నేను 1998లో అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకుని, అప్పటినుంచీ మెయిన్‌ఫ్రేమ్ మీదే అన్నం తింటున్నదాన్ని. వాడు మూడేళ్ల కింద నేను పనిచేసే కంపెనీలోనే, నేను ఇరవై ఏళ్లకు పైగా చూస్తున్న క్లయింట్ పనికే వచ్చాడు. మెయిన్‌ఫ్రేమ్ ఫైలుని పీసీ ఎడిటర్‌లోకి తెచ్చి దిద్దవచ్చా, కూడదా అని మా ఇద్దరికీ తగువు. పెళ్లిళ్లలోనూ ఫోన్లలోనూ ముక్కలు ముక్కలుగా నడిచిన ఆ తగువు ఆ రాత్రి తీరుబడిగా సాగింది. అన్నమాటలు అన్నట్టే రాశాను. నా వైపు మొగ్గు పడుతుందేమోనని రాసింది వాడికి చదివి వినిపించాను కూడా.

అబ్బాయి: కంపైల్ శుభ్రంగా అయింది పిన్నీ. రిటర్న్ కోడ్ సున్నా. జాబ్ కూడా సున్నాతోనే దిగింది. కానీ బిల్లులు తప్పు. ఒకడి బిల్లు మీద ఇంకొకడి మొత్తం పడుతోంది. టెస్టింగ్ వాళ్లు పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది.

నేను: అందరి బిల్లులూ తప్పేనా?

అబ్బాయి: కాదు. ఆలస్యంగా కట్టినవాళ్లవి సరిగ్గానే ఉన్నాయి. టైముకి కట్టినవాళ్లకే, వాళ్ల ముందు రికార్డులో ఉన్నవాడి మొత్తం వస్తోంది.

నేను: ఇంక చెప్పక్కర్లేదు. ఎక్కడో ఇఫ్ మూసుకోలేదు. ఏం మార్చావు?

అబ్బాయి: లాజిక్ ముట్టుకోలేదు. ఒక ఫీల్డు పేరు మార్చమన్నారు. మెంబర్‌ని నా ఎడిటర్‌లోకి దింపుకుని రీప్లేస్ ఆల్ కొట్టి, మళ్లీ ఎక్కించాను. కొత్త పేరు రెండక్షరాలు పొడుగు, అంతే. పాత ప్రోగ్రాం కదా, ఎండ్-ఇఫ్‌లు లేవు, ఫుల్‌స్టాప్‌తోనే ఇఫ్ ముగుస్తుంది. ఆ ఫుల్‌స్టాప్ ఉంది. ఇదిగో, ఎదురుగానే ఉంది చూడు.

ఉంది. నల్లటి తెర మీద తెల్లటి చుక్క. కర్సర్‌ని దాని వెనకాల పెట్టమన్నాను. తెర కింది మూలలో కాలమ్ 74 అని పడింది. అంటే చుక్క 73లో ఉంది.

నేను: నీకు కనబడుతోంది. కంపైలర్‌కి కనబడదు. దాని చూపు 72 దగ్గర ఆగిపోతుంది. ఇప్పుడు నీ రెండు వాక్యాలూ చదువు. ఆలస్యమైతే జరిమానా కలుపు, చుక్క. మొత్తాన్ని బిల్లు లైన్‌లోకి మూవ్ చెయ్యి, చుక్క. మొదటి చుక్క పోయేసరికి మూవ్ కూడా ఇఫ్ కిందికి వెళ్లిపోయింది. ఆలస్యమైనవాడికే మూవ్ జరుగుతోంది. మిగతావాడి బిల్లు లైన్‌లో అంతకుముందువాడి మొత్తం అలాగే ఉండిపోతోంది. తప్పు రాయలేదు కాబట్టి కంపైలర్ ఏమీ అనలేదు. నువ్వు రాసినట్టు కాకుండా, తనకి కనబడినంత మేర అది సరిగ్గానే చదివింది.

వాడు కాసేపు మాట్లాడలేదు. నేను వంటింట్లోకి వెళ్లి టీ పెట్టి వచ్చాను. ఈ మౌనం నాకు తెలుసు. తన కంటిని తనే నమ్మలేని స్థితి అది, ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది.

అబ్బాయి: సరే, చుక్క జరిగింది. కానీ దీన్ని ఎడిటర్ నెత్తిన ఎందుకు వెయ్యాలి? అదే మార్పు నువ్వు పచ్చ తెర మీద ఐఎస్‌పీఎఫ్‌లో ఛేంజ్ ఆల్ కొట్టి చేసినా చుక్క జరగదా?

నేను: బౌండ్స్ 72కి పెట్టి ఉంటే జరగదు. ఖాళీ చాలకపోతే ఆ లైన్ మార్చకుండా వదిలేసి, ఎడమ పక్కన ఎర్రర్ గుర్తు వేస్తుంది. మార్చలేకపోయానని అదే చెబుతుంది.

అబ్బాయి: పెట్టి ఉంటే. పెట్టకపోతే 80 దాకా తోసుకుంటూ పోతుంది. అవునా, కాదా?

నేను: అవును.

అబ్బాయి: మరింకేం? అక్కడ బౌండ్స్ పెట్టుకోవాలి, ఇక్కడ 7 దగ్గరా 72 దగ్గరా రూలర్ గీత పెట్టుకోవాలి. నేను పెట్టుకోలేదు. అది నా తప్పు, ఎడిటర్ తప్పు కాదు. అయినా ఈ 72 గోల ఏంటి పిన్నీ? 2002 కోబాల్ ప్రమాణంలోనే ఫ్రీ ఫార్మాట్ వచ్చింది. కాలమ్‌లు లెక్కపెట్టుకుంటూ ఎన్నాళ్లు?

నేను: ప్రమాణంలో వచ్చింది. మన దగ్గరున్న ప్రోగ్రాములు దానికి ముప్ఫై ఏళ్ల ముందువి. 80 గడుల కార్డు ఐబీఎం 1928లో తెచ్చింది. 1954లో వచ్చిన 704 యంత్రం కార్డులో ఒక్కో అడ్డు వరుసని 36 బిట్ల చొప్పున రెండు ముక్కలుగా చదివేది. రెండు ముప్పై ఆర్లు 72. మిగిలిన ఎనిమిది గడులూ యంత్రం చదవదు కాబట్టి అక్కడ వరుస నంబరు గుద్దుకునేవాళ్లు. కార్డుల కట్ట చెయ్యి జారి నేల మీద పడితే మళ్లీ వరుసలో పేర్చుకోవడానికి. కార్డులు పోయాయి, చేతులు పోయాయి, కొలత మిగిలింది. రూలర్ గీత పెడతానంటున్నావు. గీత చూపిస్తుంది, ఆపదు. 300 లైన్లు ఒక్క దెబ్బతో మార్చినప్పుడు తెర మీద కనిపించేవి నలభై. మిగతా 260 లైన్లలో ఎవరు గీత దాటారో ఎవడు చూస్తాడు?

ఇక్కడ నా వాదన గట్టిదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. దాని చివర ఏం జరిగిందో తర్వాత చెబుతాను.

అబ్బాయి: నువ్వు ఎప్పుడూ చెప్పే మాట ఒకటుంది. పీసీ లైనూ మెయిన్‌ఫ్రేమ్ లైనూ ఒకటి కాదని. అది నాకు పరీక్షకి చదువుకున్న ముక్కలాగే ఉండిపోయింది. నిజంగా ఏంటి తేడా?

నేను: మీ బాబాయ్ మిల్లులో రాడ్డు తెలుసు కదా. పన్నెండు మీటర్లకి కోస్తారు. ఎక్కడ ఒక రాడ్డు అయిపోయి ఇంకోటి మొదలైందో చెప్పడానికి మధ్యలో గుర్తు అక్కర్లేదు, కొలతే గుర్తు. ఫిక్స్‌డ్ రికార్డు అంతే. 80 బైట్లు అయ్యాయంటే లైన్ అయిపోయింది. మధ్యలో ఏ గుర్తూ ఉండదు. ఖాళీ ఉంటే ఖాళీ అక్షరాలతో నింపి 80 చేస్తుంది. నీ పీసీలో లైన్ అంటే తాడు. ఎంత పొడుగైనా ఉండొచ్చు, ముడి వేసిన చోట అయిపోయినట్టు. విండోస్‌లో ఆ ముడి రెండు బైట్లు, లినక్స్‌లో ఒకటి. ఫైలు దింపుతున్నామంటే రాడ్డుని తాడుగా మారుస్తున్నాం. ఎక్కిస్తున్నామంటే తాడుని మళ్లీ రాడ్డుగా. ఆ మార్చేవాడికి కొలత చెప్పకపోతే వాడికి తోచింది వేస్తాడు. ఎఫ్‌టీపీలో రికార్డు పొడవు చెప్పకుండా కొత్త డేటాసెట్‌కి పంపిస్తే ఏమవుతుందో నీకే అనుభవం కదా.

అబ్బాయి: జేసీఎల్ లైబ్రరీ వేరియబుల్ రికార్డుతో పుట్టింది. ఒక పూట పోయింది. కానీ అది ఎఫ్‌టీపీ కాలం నాటి మాట పిన్నీ. 2018లో జోవీ వచ్చాక డేటాసెట్ నా ఎడిటర్‌లో పక్కనే చెట్టులా కనబడుతుంది. సేవ్ కొడితే అదే ఎక్కిస్తుంది. ఉన్న డేటాసెట్ కొలతలు అది మార్చదు.

నేను: కొలత మార్చదు. అక్షరాల మాటేంటి?

ఇక్కడ మేమిద్దరం ఎక్కువసేపు ఆగాం. చదివేవాళ్లలో ఈ పని చేసేవాళ్లు ఉంటే వాళ్లకి పనికొస్తుందని వివరంగానే రాస్తున్నాను. పీసీ వాడే ఆస్కీ, 1964 ఏప్రిల్ 7న ఐబీఎం ప్రకటించిన సిస్టమ్/360తో వచ్చిన ఎబ్‌సిడిక్, ఈ రెండు లిపులకీ పోలికే లేదు. ఒకే బైటు ఇక్కడ ఒక అక్షరం, అక్కడ ఇంకో అక్షరం. చెడిన ఫైలుని చూడగానే ఎక్కడ చెడిందో చెప్పడం ఒక విద్య. నాడి చూసి జ్వరం చెప్పినట్టు.

నేను: లిపి మార్చకుండా దింపిన ఫైలు నీ ఎడిటర్‌లో తెరిస్తే ముందు ఏం కనబడుతుంది?

అబ్బాయి: ఈమెయిల్ అడ్రసులో ఉండే "ఎట్" గుర్తులు. వరసగా, బారులు బారులుగా.

నేను: ఎందుకు?

అబ్బాయి: ఎబ్‌సిడిక్‌లో ఖాళీ అక్షరం 40. ఆస్కీలో 40 అంటే ఆ ఎట్ గుర్తు. మెయిన్‌ఫ్రేమ్ ఫైల్లో ఖాళీలే ఎక్కువ కాబట్టి అవే ఎక్కువ.

నేను: అంకెలు?

అబ్బాయి: అంకెలు ఎఫ్0 నుంచి ఎఫ్9. పీసీలో అవి నెత్తిన గీతలూ చుక్కలూ ఉన్న యూరప్ అక్షరాలు. 7 ఒక్కటే భాగహారం గుర్తు అయి కూర్చుంటుంది. అది చూసే నేను గుర్తుపడతాను.

నేను: సరిగ్గా చెప్పావు. అలా కనబడితే భయపడక్కర్లేదు. బైట్లు చెడలేదు, నువ్వు వేరే కళ్లజోడు పెట్టుకున్నావంతే. ఎడిటర్‌లో ఎన్‌కోడింగ్ మార్చి చూడు, కుదరకపోతే మూసేసి మళ్లీ దింపుకో. ఆ స్థితిలో సేవ్ మాత్రం కొట్టకూడదు. యూటీఎఫ్-8 అనుకుని తెరిచిన కొన్ని ఎడిటర్లు అర్థంకాని బైటు కనబడిన ప్రతిచోటా ఒక ప్రశ్న గుర్తు బొమ్మ పెడతాయి. సేవ్ చేస్తే ఆ బొమ్మే మూడు బైట్లుగా ఫైల్లోకి వెళ్తుంది. పాత బైటు ఏమిటో ఇంక దేవుడికి కూడా తెలియదు.

అబ్బాయి: తిరగేసి కూడా జరుగుతుంది. మార్చకుండా ఎక్కించేస్తే పచ్చ తెర మీద పిచ్చి గుర్తులు.

నేను: అప్పుడు ఐఎస్‌పీఎఫ్‌లో సోర్స్ ఆస్కీ అని కొట్టు. లిపి అదే మార్చి చూపిస్తుంది. చక్కగా చదవగలిగావంటే రోగం తెలిసినట్టే. ఇవన్నీ మంచి రోగాలు, పైకి కనబడతాయి. కనబడనివే చంపుతాయి. స్క్వేర్ బ్రాకెట్ సంగతి చూడు. 037 కోడ్‌పేజీలో దానికి ఒక బైటు, 1047లో వేరే బైటు. ఫైలంతా బాగుంటుంది, బ్రాకెట్లు మాత్రం మారిపోతాయి. వర్డ్‌లోంచో మెయిల్లోంచో కాపీ చేసిన జేసీఎల్‌లో కోట్ గుర్తు వంకర తిరిగి ఉంటుంది. ఫైలు మొదట్లో కంటికి కనబడని మూడు బైట్ల బామ్ చేరితే జాబ్ కార్డు జాబ్ కార్డే కాకుండా పోతుంది. ట్యాబ్ నీకు ఎనిమిది ఖాళీలు, అక్కడ ఒక్క బైటు, దాని తర్వాతివన్నీ ఎడమకి జరిగిపోతాయి.

అబ్బాయి: ఇవన్నీ సెట్టింగుల్లో మూసేసే కన్నాలే పిన్నీ. ట్యాబ్ బదులు ఖాళీలు, బామ్ లేకుండా సేవ్, కోడ్‌పేజీ ఒకటే రాసిపెట్టుకోవడం. మా టీముకి ఒక ఫైల్లో రాసి అందరికీ పంచితే అందరికీ ఒకేలా ఉంటుంది. పచ్చ తెర మీద ప్రొఫైల్ ఎవరిది వాళ్లదే కదా? నీ బౌండ్స్ నాకు రావు.

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. కానీ నా దగ్గర దానికన్నా పెద్ద ప్రశ్న ఉంది. నోట్‌బుక్కు తెచ్చి బల్ల మీద పెట్టాను.

నేను: ప్రోగ్రాం సోర్స్ వరకూ నీ మాట ఒప్పుకుంటాను అనుకో. డేటా ఫైలు సంగతి చెప్పు. ఒకడి ఖాతాలో 125 ఉంది. కాంప్-3లో ఎలా రాస్తారు?

అబ్బాయి: బైటుకి రెండంకెల చొప్పున, చివర గుర్తు. 12, 5సి. సి అంటే ప్లస్. డి అయితే మైనస్.

నేను: ఇప్పుడు ఆ ఫైలుని టెక్స్ట్ మోడ్‌లో దింపావు. దింపేవాడికి అది అంకె అని తెలియదు, ప్రతి బైటూ అక్షరమే అనుకుంటాడు. 12 అలాగే ఉంటుంది. 5సి ఎబ్‌సిడిక్‌లో నక్షత్రం గుర్తు. ఆస్కీలో నక్షత్రం 2ఎ. కాబట్టి 12, 2ఎ అయింది. నువ్వు దాన్ని బైనరీలో వెనక్కి పంపావు. ఇప్పుడు చదువు.

వాడు పెన్ను తీసుకుని రాశాడు. ఒకటి, రెండు, రెండు. చివర గుర్తు ఎ.

అబ్బాయి: ఎ చెల్లదు కదా? జాబ్ ఆగిపోయి సాక్ సెవెన్ వస్తుంది.

నేను: రాదు. ఎ, సి, ఇ, ఎఫ్ నాలుగూ ప్లస్సే ఆ యంత్రానికి. 125 కాస్తా 122 అయింది. అబెండ్ లేదు, మెసేజ్ లేదు. ఇప్పుడు మైనస్ 125 వెయ్యి. 12, 5డి. 5డి కుడి బ్రాకెట్. ఆస్కీలో 29. చివర 9 గుర్తు కాదు, అంకె. అక్కడ సాక్ సెవెన్ వస్తుంది. రాత్రి రెండింటికి నన్ను లేపుతుంది. లేచి ఆ ఒక్క రికార్డునీ సరిచేసి జాబ్‌ని మళ్లీ నడిపిస్తాను. దాని ముందూ వెనకా ఉన్న ప్లస్ రికార్డులన్నీ అబద్ధం చెబుతూ చాప కింద నీరులా లెడ్జర్‌లోకి పోతాయి. అబెండ్ అయిన రికార్డు మనకి మేలు చేసింది నాన్నా. ఆగనివాటితోనే ప్రమాదం.

అబ్బాయి: రెండువైపులా టెక్స్టే పెడితే? ఎలా మారిందో అలాగే వెనక్కి మారుతుంది కదా, 2ఎ మళ్లీ 5సి అవుతుంది.

నేను: చాలా బైట్లకి అవుతుంది. అందుకే ఇది మోసం. పది రికార్డులతో పరీక్ష చేస్తే బాగానే వస్తుంది, ధైర్యం వస్తుంది. ఇప్పుడు 250 రాయి. 25, 0సి. ఎబ్‌సిడిక్‌లో 25 అంటే లైన్ ఫీడ్. పీసీలో అక్కడ లైన్ విరిగిపోతుంది. 150 అయితే 15, అది న్యూలైన్. ఒక మార్పిడి పట్టిక దీన్ని విరుస్తుంది, ఇంకో పట్టిక దాన్ని. మైనస్ 250 అయితే చివర బైటు 0డి, అది క్యారేజ్ రిటర్న్. ఒక రికార్డు రెండు ముక్కలై, రెండూ ఖాళీలతో నిండి, 80 బైట్ల చొప్పున రెండు రికార్డులుగా వెనక్కి వెళ్తాయి. ఎవడి ఖాతాలోనో సరిగ్గా 250 ఉండటమే వాడు చేసిన తప్పు.

అబ్బాయి: ఇది నువ్వు చూశావా, లెక్కేసి చెబుతున్నావా?

నేను: చూశాను. నాది కాదు, మా పక్క టీముది. వేరే క్లయింట్. ఒక కుర్రాడు టెస్ట్ డేటాలో ఒక్క పేరు స్పెల్లింగ్ సరిచేద్దామని ఫైలు దింపాడు. పేరే సరిచేశాడు. వెనక్కి వెళ్లాక రికార్డుల లెక్క కలవలేదు. ఏం ముట్టుకున్నావని అడిగితే ఒక్క పేరు అన్నాడు. వాడు అబద్ధం చెప్పలేదు, వాడు ముట్టుకున్నది ఆ ఒక్కటే. సేవ్ నొక్కడమంటే ఫైలంతా ముట్టుకోవడమని వాడికి ఎవరూ చెప్పలేదు.

ఆ కుర్రాడి ముఖం నాకు ఇంకా గుర్తుంది. నెల తిరక్కుండా వేరే పనికి మారిపోయాడు. ఈ రాస్తున్నది సగం వాడి కోసమే.

అబ్బాయి: పోర్టులో కంటైనర్లలాగే అన్నమాట. బైనరీ అంటే సీలు వేసిన పెట్టె. లోపలేముందో క్రేన్‌కి అక్కర్లేదు. టెక్స్ట్ అంటే సీలు తీసి, సరుకంతా దించి, వేరే పెట్టెలో మళ్లీ సర్దడం.

నేను: అంతే. సర్దేవాడికి గాజుగ్లాసులు ఏవో, ఇనప మేకులు ఏవో తెలియాలి. కాపీబుక్ చూస్తేనే తెలుస్తుంది, ఏ బైట్లు పేరు, ఏ బైట్లు మొత్తం అని. నీ ఎడిటర్ కాపీబుక్ చూడదు.

అబ్బాయి: చూసేవి ఉన్నాయి. కాపీబుక్ ఇస్తే ఒక్కో ఫీల్డుని అంకెగా చూపించి, మార్చినదాన్ని అంకెగానే వెనక్కి పెట్టే పనిముట్లు మెయిన్‌ఫ్రేమ్ మీద ఉన్నట్టే, వాటికి పీసీ ముఖాలూ ఉన్నాయి. బైట్లు అక్కడే ఉంటాయి, తెర మాత్రం ఇక్కడ.

నేను: బైట్లు అక్కడే ఉంటే నాకు పేచీ లేదు. తెర ఏ రంగుదైతే నాకేం?

అబ్బాయి: నీకు పేచీ తెర రంగుతోనే అనుకున్నాను ఇన్నాళ్లూ.

ఆ మాట కొంచెం తగిలింది. కొంత నిజం కూడా. 1971లో వచ్చిన 3270 టెర్మినల్ తీరులోనే ఈ రోజుకీ నా తెర ఉంటుంది. ఎనభై నిలువులు, ఇరవై నాలుగు అడ్డాలు. అందులో ఉంటే సొంతింట్లో ఉన్నట్టుంటుంది నాకు.

అబ్బాయి: నా మాట కూడా విను పిన్నీ. నా బ్యాచ్‌లో పద్నాలుగుమందిని మెయిన్‌ఫ్రేమ్‌లో వేశారు. ఇప్పుడు నలుగురం ఉన్నాం. పని కష్టమై పోలేదు వాళ్లు. కాలేజీలో వాడిన పనిముట్టు ఏదీ ఇక్కడ లేదు, చేతులు కట్టేసినట్టు ఉందన్నారు. మన దగ్గర ఎన్ని వేల ప్రోగ్రాములు? ఒక ఫీల్డు ఎక్కడెక్కడ వాడారో అన్నిట్లో ఒకేసారి వెతకాలి. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూడాలి. ఎవరు ఎందుకు మార్చారో గిట్‌లో ఉండాలి. మీరు రిటైరయ్యాక ఇవన్నీ ఎవరు చూడాలి? తెర దగ్గరే మనుషుల్ని పోగొట్టుకుంటే కోబాల్ ఎవరికి నేర్పిస్తావు?

నేను: ఐఎస్‌పీఎఫ్ నేర్చుకోవడానికి పదిహేను రోజులు చాలు.

అబ్బాయి: నువ్వు ఎక్కడ నేర్చుకున్నావు?

అమీర్‌పేటలో. మైత్రీవనం చుట్టుపక్కల గోడ కనబడకుండా వైటూకే బ్యానర్లు కట్టిన రోజులు. జెరాక్స్ నోట్సు, కిక్కిరిసిన గది, అసలు మెయిన్‌ఫ్రేమ్ కనెక్షన్ మా బ్యాచ్‌కి రోజుకి ఒక గంట. మిగతా వేళల్లో ఐఎస్‌పీఎఫ్‌లా కనిపించే ఎడిటర్‌ని మామూలు పీసీలో వేసుకుని సాధన చేసేవాళ్లం. లైన్ నంబర్ల మీద డీ కొట్టి తీసేయడం, సీసీ కొట్టి కాపీ చేయడం నా వేళ్లకి పట్టింది ఆ పీసీ మీదే. ఈ సంగతి వాడికి ఎప్పుడూ చెప్పలేదు. ఆ రాత్రి చెప్పాను.

అబ్బాయి: మరి పీసీలో ఎడిటర్ నిన్ను చెడగొట్టలేదు కదా.

నేను: అది కాలమ్‌లు చూపించేది నాన్నా. 80 దాటనిచ్చేది కాదు. అయినా సరే, నీ మాట పుచ్చుకుంటాను. సోర్స్ నీ ఎడిటర్‌లో దిద్దుకో. ఇంకో సంగతి. ఐఎస్‌పీఎఫ్‌లో నేను ఒక మెంబర్ తెరిచానంటే తాళం నా చేతిలో ఉంటుంది, ఇంకెవరూ దిద్దలేరు. నువ్వు దింపుకున్న కాపీకి తాళం లేదు.

అబ్బాయి: జోవీ సేవ్ చేసేటప్పుడు చూస్తుంది. నేను దింపాక ఇంకెవరైనా మార్చి ఉంటే ఆగి అడుగుతుంది.

నేను: ఎఫ్‌టీపీ అడగదు.

అబ్బాయి: ఎఫ్‌టీపీ వద్దు, సరే.

నేను: ఎడిటర్‌లో సార్ట్ కూడా వద్దు. ఎబ్‌సిడిక్‌లో అక్షరాలు ముందు, అంకెలు తర్వాత. పీసీలో అంకెలు ముందు. కోడ్ టేబుల్‌ని పీసీలో సార్ట్ చేసి ఎక్కిస్తే సెర్చ్ ఆల్ దారి తప్పి, టేబుల్‌లో ఉన్న కోడ్‌నే లేదంటుంది.

ఇంతలో రోడ్డు మీద బి షిఫ్ట్ బస్సుల చప్పుడు మొదలైంది. మా ఆయన వచ్చి, కాళ్లు కడుక్కుని, మా ఇద్దరి మధ్య ఉన్న కాగితం మీద 12, 5సి చూసి ఏమీ అడక్కుండా భోజనానికి కూర్చున్నారు. మేము కూడా తిన్నాం. చేతులు కడుక్కుని వచ్చాక వాడు మళ్లీ లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు.

అబ్బాయి: ఇందాక అడిగావు కదా, 260 లైన్లలో గీత దాటినవాటిని ఎవడు చూస్తాడని. చూడు.

వెతుకు పెట్టెలో ఒక ప్యాటర్న్ రాశాడు. ఏవైనా 72 అక్షరాలు, ఆ తర్వాత ఖాళీ కానిది ఒకటి. వరుస నంబర్లు లేని మా లైబ్రరీ అంతటి మీదా ఒకేసారి వదిలాడు. అదే పని ఐఎస్‌పీఎఫ్‌లో ఒక ఫైండ్ కమాండ్‌తో నేనూ చేస్తాను, ఒక్కో మెంబర్ తెరుచుకుంటూ. వాడికి టీ చల్లారే లోపు అయింది. కామెంట్ లైన్లు తీసేస్తే ఐదు మిగిలాయి. నాలుగు వాడు మొన్న పేరు మార్చిన ప్రోగ్రాంలోవి. ఐదోది వాడు ఎప్పుడూ తెరవని ప్రోగ్రాం.

తెరిచాడు. పేరా పైన మార్పు గుర్తు ఉంది. 2003, పక్కన మూడు ఇంగ్లీషు అక్షరాలు. నావి. ఎండ్-ఇఫ్ తర్వాత చుక్క 73లో ఉంది.

అబ్బాయి: ఎండ్-ఇఫ్ ఉంది కాబట్టి ఏమీ కాలేదు పిన్నీ. చుక్క లేకపోయినా ఇఫ్ మూసుకుంది.

కళ్లజోడు సర్దుకుని చూశాను. ఆ మార్పు పచ్చ తెర మీద చేసిందే. వేరే తెర అప్పట్లో నాకు లేదు. ఆ రోజు బౌండ్స్ పెట్టలేదన్నమాట. ఆ ప్రోగ్రాం రోజూ రాత్రి నడుస్తుంది.

అబ్బాయి: నా మార్పుతో పాటు దీన్ని కూడా సరిచేసి ఎక్కించెయ్యనా?

నేను: వద్దు. దీనికి వేరే టికెట్ వెయ్యి. కారణం రాసేచోట కాలమ్ నంబరు రాయి, నా అక్షరాలు కూడా రాయి. ముందు నీ నాలుగు లైన్లూ చూడు.

వాడు ఒక్కో లైనునీ పేరు దగ్గర విరిచి, మిగతాది కింది లైన్లోకి తెచ్చి, చుక్కని దాని చివర పెట్టాడు. సేవ్ చేశాడు. నేను నా లాప్‌టాప్‌లో ఎమ్యులేటర్ తెరిచి, అదే మెంబర్‌ని వ్యూలో పెట్టి, లైన్ మీద కాల్స్ అని కొట్టాను. అంకెల కొలబద్ద వచ్చింది.

అబ్బాయి: మొదటిది నా దగ్గర 41.

నేను: ఇక్కడా 41. రెండోది చదువు.